పట్టికకెక్కని నుడి

రాజపాళయం నుంచి విమానమెక్కదలచినవారు సాధారణంగా మదురైకి పోవాలి. టిక్కెట్టు మీద ఆ ఊరి గుర్తు ఐ.ఎక్స్.ఎం. మొదటి రెండక్షరాలకు మదురైతో సంబంధమే లేదు. చండీగఢ్‌కూ జమ్మూకూ అవే. ఊరి వంతుకు దక్కింది చివరి ఒక్క అక్షరం. అయినా అది పట్టికకెక్కింది గనుక, లోకంలో ఏ మూల టిక్కెట్టు కొన్నా పెట్టె మదురైకే చేరుతుంది.

పట్టికకెక్కిన పేరుకు ఎంత ఆయువో చూడండి. 1995లో బొంబాయి ముంబయి అయినా బి.ఓ.ఎం. అలాగే ఉంది. 2008లో హైదరాబాదు విమానాశ్రయం బేగంపేట వదలి శంషాబాదుకు తరలితే, హెచ్.వై.డి. అనే గుర్తు కూడా వెంట నడిచింది. అన్నిటికన్న వింత విజయవాడది. విమానచోదకులు వాడే నాలుగక్షరాల పట్టికలో నేటికీ దాని గుర్తు వి.ఓ.బి.జెడ్.; ఆ బి.జెడ్. మన బెజవాడే! గుర్తు మారిస్తే సామాను దారి తప్పునని, లెక్కలు తారుమారగునని ఇంత జాగ్రత్త.

పెట్టె దారి తప్పరాదు, సరే. పిల్లవాడి నుడి దారి తప్పితే అడిగే నాథుడెవరు?

1949 నుంచి 1952 దాకా ఉమ్మడి మద్రాసు రాష్ట్రాన్ని నడిపిన పి.ఎస్. కుమారస్వామి రాజా రాజపాళయం వారే. ఆ 1949లోనే రాష్ట్రాల విద్యామంత్రులు ఢిల్లీలో ఒక సూత్రానికి ఒప్పుకున్నారు: ప్రాథమిక పాఠశాలలో 40 మంది, లేదా ఒక తరగతిలో 10 మంది పిల్లల మాతృభాష వేరైతే, ఆ భాషలో బోధించే ఉపాధ్యాయుని నియమించాలి. 1956లో రాజ్యాంగానికి 350ఎ అధికరణం చేరింది. 2006లో తమిళనాడు చేసిన చట్టం తమిళాన్ని ఒకటో తరగతి నుంచి దశలవారీగా తప్పనిసరి చేసింది. తమిళం నేర్వడానికి మనకు అభ్యంతరమేమీ లేదు. అది మనం బతుకుతున్న నేల నుడి. తెలుగును తీసివేసి ఆ తావులో దానిని నిలపడమే అన్యాయం.

కాని ఆ నలభై మందిని ఎక్కడ లెక్కిస్తారు? బడి దాఖలాలోనే కదా! అక్కడ మాతృభాష గడిలో ‘తమిళం’ అని వ్రాయించినది ఏ ప్రభుత్వం? చాలాచోట్ల మనమే. ఎందుకొచ్చిన గొడవ అనుకొని వ్రాయించాము. ఇంట అమ్మతో తెలుగు, అప్పతో తెలుగు. గడిలో మాత్రం మరొకటి. పెళ్ళిపత్రికలో ఒక్క తెలుగు వాక్యం వేయించడానికీ వెనుకాడే మనం పాలకులను నిందిస్తే వినేదెవరు?

2027 మార్చి 1 ప్రామాణిక తేదీగా జనగణన ప్రకటించారు. గణకుడు మీ మాతృభాష ఏదని అడుగుతాడు. ఇంటి పెద్ద పొలంలోనో మిల్లులోనో ఉండవచ్చు. జవాబు చెప్పవలసింది ఇంట ఉన్న అమ్మమ్మో కోడలో కావచ్చు. వారితో ఈ సంగతి ముందే మాట్లాడి ఉంచండి. గణకుడు తానే ఊహించి నింపబోతే ఆపి, ‘తెలుగు’ అని వ్రాయించి, వ్రాసినది చదివించుకోండి.