తూము తలుపు సగం ఎత్తితే?

పిల్లలూ! కర్నూలు, కడప సీమల యెండ సంగతి మీకు తెలిసిందే. ఆ యెండతోనే కరెంటు తీసే సౌర పార్కు ఒకటి కర్నూలు ప్రాంతంలో, ఓర్వకల్లు, గడివేముల మండలాలలో వున్నది. 2017లో పూర్తయిన ఆ పార్కు శక్తి 1000 మెగావాట్లు.

అక్కడి పలకలు ఇచ్చేది ఏకముఖ విద్యుత్తు. అంటే ఒకే దిక్కున పారేది. మన ఇళ్ళకు వచ్చేదేమో సెకనుకు 100 సార్లు దిక్కు మార్చుకుంటుంది. వోల్టులు పెంచే ట్రాన్సుఫార్మరు కూడా అటువంటి విద్యుత్తుతోనే పనిచేస్తుంది. మరి ఈ దిక్కు మార్చేదెవరు? ట్రాన్సిస్టరు!

1947లో అమెరికాలో బార్డీన్, బ్రాటెయిన్ అనే శాస్త్రజ్ఞులు మొదటి ట్రాన్సిస్టరు తయారుచేశారు. రేడియోలో వుండేది చిన్నది. సౌర పార్కులో దాని పెద్దన్నలు స్విచ్చిలుగా పనిచేస్తవి. ఒక జంట దారి ఇస్తే కరెంటు ఇటు పారుతుంది, రెండో జంట ఇస్తే అటు పారుతుంది.

ఇందులో ఒక చిక్కు వున్నది. సుంకేసుల దగ్గర బయలుదేరే కర్నూలు-కడప కాలువ మీకు తెలుసు గదా! కాలువ తూము తలుపు దించితే నీరు ఆగుతుంది. పూర్తిగా ఎత్తితే సాఫీగా పోతుంది. కొంచెమే ఎత్తితే నురగలు కక్కుతూ దూకి అడుగును కోసేస్తుంది. ట్రాన్సిస్టరు కథా అంతే.

లెక్క వేసి చూద్దాం. వోల్టులను ఆంపియర్లతో హెచ్చిస్తే వాట్లు వస్తవి. ఒక ట్రాన్సిస్టరు 800 వోల్టులను ఆపుతున్నదనుకోండి. కరెంటు పారదు గనుక వేడి లేదు. పూర్తిగా దారి ఇచ్చినప్పుడు 100 ఆంపియర్లు పారినా, దాని మీద నిలిచేది 2 వోల్టులే అయితే వేడి 200 వాట్లు. మధ్యలో ఆగిపోతే? 400 వోల్టులు, 50 ఆంపియర్లు. అంటే 20,000 వాట్లు! వందరెట్లు! రెప్పపాటులో మాడిపోతుంది.

ట్రాన్సిస్టరుకున్న తలుపు పేరు కూడా గేటే. దాన్ని చటుక్కున ఎత్తడానికి సుమారు 15 వోల్టుల సరఫరా కావాలి. ఆ సరఫరా నీరసిస్తే గేటు మధ్యలో నిలుస్తుంది. అందుకే ఇంజనీర్లు దానికి వేరే చిన్న ట్రాన్సుఫార్మరు పెడతారు. దాని తీగచుట్టలు ఒకదానినొకటి తాకవు. శక్తిని దాటించేది అయస్కాంతమే. కనుక వందల వోల్టులు ఈ చిన్న సరఫరా మీదికి దూకలేవు.

పిల్లలూ! ఇంటి కరెంటుతో ఎన్నడూ ప్రయోగాలు చేయకండి. మీకు టార్చిలైటు సెల్లులు చాలు. ఈసారి కాలువగట్టుకు పెద్దలతో వెళ్ళినప్పుడు మాత్రం, తూము దగ్గర నీటి హోరు వినండి. ట్రాన్సిస్టరు ఎందుకు మాడుతుందో అదే చెబుతుంది.