కలము రాగానే వేలు మౌనము వహింపవలెనా?

గోదావరి ఉత్తరవాహినియై సాగు చెన్నూరులో గాని, బొగ్గుగనుల మంచిర్యాలలో గాని, నేడు పాఠము చెప్పు చేతికి సుద్దముక్క ఒక్కటే ఆధారము కాదు. 2020 సెప్టెంబరు 1న దూరదర్శన్ యాదగిరిలోను టీ-శాట్‌లోను పాఠములు మొదలైన ఆ కరోనా దినములలో కొందరు ఉపాధ్యాయులు పెన్ టాబ్లెట్లతో వ్రాయుట నేర్చుకొనిరి. 2023లో ప్రభుత్వోన్నత పాఠశాలలకు డిజిటల్ బోర్డులు వచ్చినవి. పరికరములు వచ్చుట సంతోషమే. అయితే కలమును వేలును ఒకే క్షణమున పలకపై మోపినపుడు ఎవరి మాట చెల్లవలెనను తగవు ఎవరు తీర్చుచున్నారో విచారించినవారు మనలో అరుదు. ఆ తగవు తీర్చునది డ్రైవర్ అను చిన్న ప్రోగ్రాము. అది పెక్కుమార్లు ఇచ్చునది ఏకపక్షపు తీర్పని నా అభియోగము.

టాబ్లెట్ పలకకు జ్ఞానేంద్రియములు రెండు. 1983లో జపానులో నెలకొనిన వాకమ్ సంస్థ ప్రచారమునకు తెచ్చిన విద్యుదయస్కాంత పద్ధతిలో, పలక క్రింది తీగలు కలమునకు శక్తినిచ్చి, అది తిరిగి పంపు సంకేతమును బట్టి దాని స్థానమును ఒత్తిడిని గ్రహించును. కలములో బ్యాటరీ అక్కరలేదు, కొన పలకను తాకకమునుపే, ఇంచుమించు ఒక సెంటీమీటరు ఎత్తున నుండగనే, దాని రాక తెలియును. వేలి సంగతి వేరు: చర్మము సోకినపుడు పలకలోని విద్యుద్ధారణలో కలుగు మార్పే దాని ఆనవాలు. 2009లో వెలువడిన బాంబూ పెన్ అండ్ టచ్ వంటి పలకలలో ఈ రెండును ఒక్కచోట చేరినవి. చేరిననాడే చిక్కు మొదలైనది. ఏలయన, అరచేతి అంచును ఆనింపక నిలుకడగా వ్రాయుట కష్టము. ఆ అంచును పరికరము వేలనుకొన్నచో, గీత సాగుచుండగనే పుట ప్రక్కకు జరిగిపోవును.

దీనికి డ్రైవర్ రచయితలు కనుగొన్న సులభోపాయమేమనగా, కలము సమీపించినంతనే ఉన్న స్పర్శలన్నిటిని ముగించి, అది దూరమగువఱకు క్రొత్త స్పర్శను లెక్కింపకుండుట. లినక్స్ కెర్నెల్‌లోని వాకమ్ డ్రైవర్‌లో టచ్ ఆర్బిట్రేషన్ అను పేర ఈ ఏర్పాటు మొదలే అమలులోనుండును. వలదనువారు దానిని తీసివేయవచ్చును. విండోస్‌లోను కలము వాడునపుడు స్పర్శను పట్టించుకొనవలదని చెప్పు అమరిక కలదు. కలవరము తప్పినమాట నిజమే; కాని ఎలుకల బాధకు ఇల్లు తగులబెట్టుకొన్నట్లు, కుడి అరచేతితో పాటు ఎడమచేయి యంతయు వెలివేయబడినది.

ఎడమచేతికి వ్రాతలో పాలు లేదని ఎవరు చెప్పిరి? తాళపత్రముపై వ్రాయు మన పూర్వులు ఎడమచేత ఆకును పట్టి, ఆ చేతి బొటనవ్రేలినే గంటమునకు ఆనికగా నిలిపిరి. రెండు చేతులును ఒకే పనిని చెరిసగము పంచుకొనవనియు, ఒకటి రంగము సిద్ధపఱుపగా రెండవది అందులో సూక్ష్మకార్యము నెరవేర్చుననియు 1987లో ఫ్రెంచి పరిశోధకుడు ఈవ్ గియార్ సిద్ధాంతీకరించెను. 1963 నాటి ఐవాన్ సదర్లాండ్ స్కెచ్‌ప్యాడ్‌లోనే ఒకచేత లైట్‌పెన్ను, రెండవచేత మీటలు. 2010లో మైక్రోసాఫ్ట్ రీసెర్చ్‌కు చెందిన కెన్ హింక్లీ బృందము, కలము వ్రాయుటకు, వేలు కదల్చుటకు అని పని విభజించి, రెండును కూడినపుడు క్రొత్త పనిముట్లే పుట్టునని చూపినది: వేలితో ఛాయాచిత్రమును అదిమిపట్టి కలముతో అడ్డముగా గీచినచో ఆ కలమే కత్తియై దానిని కోసివేయును. కలము రాగానే వేలిని మూగచేయు డ్రైవర్ ఈ సామర్థ్యమునంతటిని మొదలంటనే త్రుంచివేయుచున్నది.

పైగా ఆ ఉపాయము తాను కాపాడదలచిన వ్రాతనైనను పూర్తిగా కాపాడదు. 'లక్ష్మి' అను పేరును పలకపై వ్రాయు చేతిని గమనింపుడు: అక్షరము, గుడి, క్రింద ఒక ఒత్తు, దానితో మఱియొక ఒత్తు, కలము మాటిమాటికి లేచుచుండును, అరచేయి మాత్రము కదలక పలకను అంటియుండును. పేరు ముగించి పిల్లలవైపు తిరిగిన ఉపాధ్యాయుని కలము రెండంగుళములు లేచిన క్షణముననే, ఆనియున్న అరచేయి క్రొత్త స్పర్శగా మేల్కొన్నచో పుట జారును. కావున కలము ఏలుబడిలో మొదలైన స్పర్శ, తాను లేచువఱకు అరచేయిగానే పరిగణింపబడవలెను. కలముకంటె ముందే వాలిన అరచేతి స్పర్శను, కలము కనబడినంతనే, దానివలన జరిగిన కదలికతో సహా వెనుకకు తీసికొనవలెను.

చోటును చూచి తీర్పు చెప్పు మార్గము లేకపోలేదు. లినక్స్‌లో వాడు లిబ్‌ఇన్‌పుట్ అను సాఫ్ట్‌వేర్ లైబ్రరీ తెరపైననే వ్రాయు పరికరములలో, కలము వాలినదిక్కును బట్టి చేయి ఏవైపుననున్నదో ఊహించి, కొన సమీపముననున్న ఒక దీర్ఘచతురస్రములోని స్పర్శలను మాత్రమే లెక్కింపక విడిచిపెట్టును. ఎడమచేతివాటము వారికిని ఇందులో న్యాయము జరుగును. చిత్రకారులు మాత్రము ఒక ఆక్షేపణ తెలుపుదురు: పూర్తికావచ్చిన బొమ్మపై ఒక్క అనవసరపు గీత పడుటకంటె, వేలిపని పది మారులు తప్పిపోవుటయే మేలని. ఆ మాట త్రోసివేయదగినది కాదు. స్పర్శను పూర్తిగా ఆపుకొను స్వేచ్ఛ వారికి ఉండవలసినదే. కాని ఆ మీట వాడువానికి ఎదుట కనబడవలెను, డ్రైవర్ కడుపులో దాగియుండరాదు.

బడిలోని పెద్ద బోర్డులకు ఈ విచారము మఱింత అవసరము. వానిలో పెక్కింటికి అంచులవెంట పరారుణ కిరణముల చట్రమే ఇంద్రియము. కిరణమునకు అడ్డువచ్చినది సన్నమా లావా అనుటను బట్టి కలమో, వేలో, చెరుపుటకు వచ్చిన అరచేయో నిర్ణయింతురు. ఒక మూల ఉపాధ్యాయుడు లెక్క వ్రాయుచుండగా వేఱొక మూల విద్యార్థిని వేలితో త్రిభుజమును జరిపినచో రెండును నిలువవలెను గదా! మన విద్యాశాఖ ఇకమీద పరికరములు కొనునపుడు తెర వెడల్పును, ధరను మాత్రమే చూచి సరిపెట్టుకొనక, ఒత్తులతో కూడిన తెలుగు వాక్యమొకటి వ్రాయించి, ఎడమచేతివాటము పిల్లవానిచేత గీయించి, కలమును వేలును ఒకేసారి మోపించి చూచి, ఈ మూడింటిలో నెగ్గినదానినే తీసికొనవలెను. టెండరు పత్రములో ఈ షరతు చేర్చుటకు ఖర్చు లేదు. చేర్చినచో డ్రైవర్లను సవరించు భారము అమ్మువారిమీదనే పడును.