ఇంక్యుబేటరు కొన్నారు సరే, నర్సమ్మకు నేర్పించారా?



మా వెంకటాచలం టోల్‌గేటు దగ్గర కాసేపు నిలబడితే నెల్లూరు వైపు పరుగెత్తే 108 వాహనం ఒకటైనా కనబడకపోదు. వాటిలో కొన్నింటిలో నెలలు నిండకుండా పుట్టిన బిడ్డలుంటారు. అలాంటి బిడ్డను సకాలంలో పెద్దాసుపత్రికి చేర్చడం గురించి మనం చాలా మాట్లాడుకున్నాం. చేరిన తరువాత ఆ బిడ్డ వారాల తరబడి ఎవరి చేతుల్లో ఉంటుంది, ఆ చేతులకు ఎవరు ఏమి నేర్పారు అని మాత్రం అడగడం లేదు. ఈ వ్యాసం ఆ ప్రశ్న గురించే. కొంత కటువుగా ఉంటుంది, మన్నించండి.

2020లో మన దేశంలో సుమారు 30 లక్షల మంది శిశువులు 37 వారాలు నిండకముందే పుట్టారు. ప్రపంచంలో అలా పుట్టిన ప్రతి ఐదుగురిలో ఒకరు మన బిడ్డే. (ఏడో నెల బిడ్డ దక్కుతుంది, ఎనిమిదో నెల బిడ్డ దక్కదు అని మన పెద్దలంటారు. అది నిజం కాదు. గర్భంలో గడిచే ప్రతి వారమూ బిడ్డకు బలమే.) జిల్లా ఆసుపత్రుల్లో నవజాత శిశు విభాగాలు వచ్చాక, పూర్వం చేజారిపోయిన బిడ్డలెందరో బతుకుతున్నారు. ఆ ఘనతను నేను తక్కువ చేయను. అయితే బతికిన బిడ్డ రేపు నడవాలి, వినాలి, చూడాలి, బడికి వెళ్లాలి.

34 వారాలకు శిశువు మెదడు బరువు, నిండు నెలల బిడ్డ మెదడు బరువులో మూడింట రెండు వంతులు మాత్రమే. మిగిలిన వంతు ఎక్కడ పెరగాలి? తల్లి కడుపులో, చీకటిలో, ముడుచుకున్న భంగిమలో, ఆమె గుండె చప్పుడు వింటూ పెరగాలి. మన వార్డులో ఎక్కడ పెరుగుతోంది? రాత్రీ పగలూ ఆరని ట్యూబులైట్ల కింద, ఆగకుండా మోగే అలారాల మధ్య, కాళ్లూ చేతులూ బార్లా చాపి వెల్లకిలా పడుకోబెట్టిన పరుపు మీద. గంటకొకసారి ఎవరో ఒకరు వచ్చి గుచ్చుతారు, తిప్పుతారు, గుడ్డ మారుస్తారు.

నా సంగతీ చెప్పాలి. ఉద్యోగంలో ఉన్న రోజుల్లో కేసు షీటును ఇంక్యుబేటరు మీదే పరచి వ్రాసేవాణ్ణి. ఒకనాడు ఒక సీనియర్ సిస్టరు మెల్లగా, "సార్, మీరు పైన పెన్ను పెట్టినప్పుడల్లా లోపల పాప ఉలిక్కిపడుతోంది, చూడండి" అన్నది. చూశాను. నిజమే. అప్పటికి నేను ఎన్నో ఏళ్ల అనుభవజ్ఞుణ్ణి! ఆ సంగతి ఆమెకు కూడా ఎవరూ నేర్పలేదు, బిడ్డలను చూసి చూసి తెలుసుకున్నది. కొంతకాలానికి ఆమెకు బదిలీ అయింది. ఆమె తెలివిడి ఆమెతోనే వెళ్లిపోయింది. నా ఫిర్యాదంతా ఇక్కడే ఉంది. ఇంతటి విద్య ఒక మనిషి చొరవ మీద ఆధారపడకూడదు.

ఈ విద్యకు పెద్ద పేర్లున్నాయి గాని, చేసే పనులు సాదాసీదావి. మెత్తని పాత నూలుగుడ్డను చుట్టగా చుట్టి బిడ్డ చుట్టూ గూడులా అమర్చడం, చేతులు నోటి దగ్గరికి వచ్చేలా పొత్తిళ్లలో ముడిచి ఉంచడం, ఇంక్యుబేటరు మీద మందపాటి గుడ్డ కప్పడం, చేయవలసిన పనులన్నీ ఒక్కసారి ముగించి తరువాత బిడ్డను నిద్రపోనివ్వడం. అన్నిటికన్నా కష్టమైనది బిడ్డ భాష చదవడం. వేళ్లు విచ్చుకుని బిగుసుకుంటే, ఎక్కిళ్లు వస్తే, చూపు పక్కకు తిప్పుకుంటే, రంగు మారితే, "ఇక చాలు, ఆపండి" అని బిడ్డ చెబుతున్నట్టు. మానిటరు మోగేది ఆ తరువాతే. ఈ చదువు పుస్తకంతో రాదు. వచ్చినవారి పక్కన నిలబడి, ఒక్కో బిడ్డనూ చూస్తూ నేర్చుకోవాలి.

నొప్పి మాట తలచుకుంటే మా వైద్యులం తలదించుకోవాలి. పసికందుకు నొప్పి తెలియదని 1980ల దాకా నమ్మి, తగిన మత్తు ఇవ్వకుండానే శస్త్రచికిత్సలు చేసిన వృత్తి మాది. ఇండోర్‌లో వైద్యం చదివి ఆక్స్‌ఫర్డ్ వెళ్లిన కన్వల్‌జీత్ ఆనంద్, 1987లో ఆ నమ్మకాన్ని పరిశోధనతో పడగొట్టారు. ఈనాటికీ మడమ గుచ్చే ముందు నాలుక మీద నాలుగు చుక్కల తల్లిపాలు వేయాలని ఎందరికి నేర్పాం?

"ఇవన్నీ సంపన్న దేశాల ముచ్చట్లు" అంటారు కొందరు. కంగారూ సంరక్షణ 1978లో మొదలైంది కొలంబియాలోని బొగొటాలో, ఇంక్యుబేటర్లు చాలని ఆసుపత్రిలో. 2021లో వెలువడిన ప్రపంచ ఆరోగ్య సంస్థ పరిశోధనలో మన ఢిల్లీ సఫ్దర్‌జంగ్ ఆసుపత్రి కూడా ఒక కేంద్రం. కిలో నుంచి 1.8 కిలోల లోపు బిడ్డలను, స్థిమితపడేదాకా ఆగకుండా పుట్టిన వెంటనే తల్లి రొమ్ముకు హత్తించారు. మొదటి 28 రోజుల్లో మరణాలు 15.7 శాతం నుంచి 12 శాతానికి తగ్గాయి. అమెరికాలో హైడెలీస్ ఆల్స్ రూపొందించిన సమగ్ర పద్ధతి దీర్ఘకాలిక ఫలితాల మీద నిపుణుల్లో వాదాలున్నాయి, ఆ మాట దాచను. తల్లి స్పర్శ మీద మాత్రం ఆ వాదం లేదు.

"నర్సులే చాలడం లేదు, ఇక శిక్షణకు తీరికెక్కడిది?" అన్నది రెండో మాట. నర్సులు చాలరన్నది నిజం. ఒక షిఫ్టులో ముగ్గురు నలుగురు శిశువులకు ఒక నర్సు ఉండాలన్నది జాతీయ ప్రమాణం. దాన్ని పాటించమని అడగవలసిందే. కానీ శిక్షణ పొందిన నర్సు తల్లిని లోపలికి రానిచ్చి, చేయి పట్టి నేర్పి, సంరక్షణలో భాగస్వామిని చేస్తుంది. అప్పుడు పని పంచుకునే చేతులు పెరుగుతాయి. శిక్షణ లేని చోట తల్లి గాజు తలుపు బయట నేల మీద కూర్చుని ఉంటుంది.

జాతీయ కార్యక్రమంలో నాలుగు రోజుల తరగతులు, రెండు వారాల ప్రత్యక్ష పరిశీలన ఉన్నాయి. ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్‌కు నవజాత శిశు సంరక్షణలో ఏడాది డిప్లొమా కూడా ఉంది. లోటు ఆ తరువాత జరిగేదానిలో ఉంది. నేర్చుకుని వచ్చిన నర్సును మరునెలలో మగవారి సర్జరీ వార్డుకు వేస్తే ఆ శిక్షణ ఎవరికి? కాంట్రాక్టు ఎప్పుడు ముగుస్తుందో తెలియని అమ్మాయి ఏ ధైర్యంతో సీనియర్ డాక్టరుతో "సార్, మెల్లగా" అనగలదు? శిక్షణ పొందినవారిని కనీసం మూడేళ్లు కదపకూడదు. కొత్తవారికి పడక పక్కనే నేర్పే బాధ్యతను, దానికి తగిన భత్యాన్ని వారికే ఇవ్వాలి. ఆ తరగతుల్లో డాక్టర్లు కూడా కూర్చోవాలి. యంత్రం కొన్న రోజున రిబ్బను కత్తిరిస్తారు, పత్రికలో ఫోటో వేస్తారు. నర్సుకు నేర్పిన రోజున ఫోటో ఎవరూ వేయరు. అందుకే బడ్జెట్లో దాని వంతు ఎప్పుడూ చివరనే.

మీ బంధువుల బిడ్డ ఎవరైనా అలాంటి వార్డులో ఉంటే, "వెంటిలేటరు ఉందా?" అని మాత్రమే అడిగి ఊరుకోకండి. "తల్లిని రోజుకు ఎన్ని గంటలు బిడ్డ దగ్గర ఉండనిస్తారు? ఈ పని నేర్చుకున్న సిస్టర్లు ఈ షిఫ్టులో ఎందరు?" అని కూడా అడగండి. మర్యాదగా అడగండి, కానీ జవాబు వచ్చేదాకా అక్కడే ఉండండి.