కాలనీ సరే, భూమి ఏదీ?

మొన్న కామారెడ్డి నుంచి ఎల్లారెడ్డి పోయే బస్సులో ఒక ముసలవ్వ ఎక్కింది. కండక్టర్ జీరో టికెట్ కొడుతూ అడిగిండు: "ఊర్లె దిగుతవా, కాలనీ కాడ దిగుతవా?" అవ్వ "కాలనీ కాడ బిడ్డా" అన్నది. పక్క సీటామె కొంగు దగ్గరికి తీసుకుని కిటికీ దిక్కు జరిగింది. కులం ఎవరూ అడగలేదు, ఎవరూ చెప్పలేదు. ఒక్క ఇంగ్లీషు మాట ఆ పని చేసిపెట్టింది.

మేము బడిలో చీమల కాలనీ గురించి చెప్పినం. ఇంగ్లీషోడు మన దేశాన్ని కాలనీ చేసుకుని దోచిన సంగతీ చెప్పినం. ఒకరోజు మన వాడ పిల్లగాడు లేచి అడిగిండు: "సార్, ఇంగ్లీషోల్లు పోయిండ్రు గదా, మరి మాదింక కాలనీ ఎందుకున్నది?" క్లాసంతా నవ్వింది. మేము నవ్వలేకపోయినం. ఆ రాత్రి డిక్షనరీ ముందర పెట్టుకుని కూర్చున్నం.

ఈ మాట రోమన్ల లాటిన్ భాషలో పుట్టింది. 'కొలెరె' అంటే దున్నడం, సాగు చేయడం. 'కొలోనస్' అంటే సేద్యగాడు. 'కొలోనియా' అంటే అట్లాంటివాళ్లు పోయి స్థిరపడిన ఊరు. యుద్ధాల్లో పనిచేసిన సిపాయిలకు రోమ్ సర్కారు భూములు పంచి కొలోనియాలు కట్టించింది. జర్మనీలోని కొలోన్ నగరం క్రీ.శ. 50లో అట్లా కొలోనియా అయిందే. ఆ నగరం పేరు మీదనే 'కొలోన్' అనే సెంటు వచ్చింది. ఆ సెంటు పూసుకుని మురిసేవాళ్లే మన కాలనీ పేరు వింటే ముక్కు మూసుకుంటారు! వ్యవసాయానికి వాడే 'అగ్రికల్చర్', సంస్కృతికి వాడే 'కల్చర్' కూడా ఆ దున్నడం అనే మాట నుంచి వచ్చినవే. అంటే దున్నే చేతుల నుంచే సంస్కృతి అన్న మాట పుట్టింది. మనకు సంస్కృతి లేదనే పండితులు ఇది చదువుకోవాలి.

అయితే ఆ రోమ్ సర్కారు పంచిన భూముల్లో ఓడినవాళ్ల నుంచి గుంజుకున్నవి చాలా ఉన్నాయి. సేద్యగాని గతి కూడా తర్వాత మారింది. క్రీ.శ. 332లో కాన్‌స్టంటైన్ చక్రవర్తి ఒక చట్టం తెచ్చిండు. పారిపోవాలని చూసే కొలోనస్‌కు సంకెళ్లు వేయొచ్చునన్నది ఆ చట్టం. భూమి గల్లవాడు భూమికి కట్టుబానిస అయిండు. వెట్టి, జీతం అంటే ఏందో మన తాతలకు ఎవరూ చెప్పక్కరలేదు కాబట్టి ఈ కథ మనకు కొత్త కాదు. ఆ తర్వాత ఓడలెక్కి వచ్చినవాళ్లు దేశాలకు దేశాలనే కాలనీలు అన్నారు.

మన దేశంలో ఈ మాటకు రెండు ముఖాలున్నాయి. పట్నంలో రైల్వే కాలనీ, టీచర్స్ కాలనీ, ఎన్జీవోస్ కాలనీ అంటే మర్యాద. పల్లెలో ఉత్త 'కాలనీ' అంటే మనం. ఒకసారి పట్నంలో అట్లాంటి మర్యాద కాలనీలో కిరాయి ఇల్లు అడగబోయినం. ఇంటాయన నవ్వుకుంట అడిగిండు: "సార్ది ఊర్లెనా, కాలనీలనా?" తాను కాలనీలో ఉండి మమ్మల్ని కాలనీవాళ్లా అని అడుగుతుండు! మేము చెప్పినం. ఇల్లు ఖాళీ లేదన్నడు.

మన వాడకు పేర్లు తక్కువ లేవు. మాలవాడ, మాదిగవాడ అన్నారు. గాంధీ మాట పట్టుకుని హరిజనవాడ అన్నారు. కుల సర్టిఫికెట్లలో ఆ మాట రాయొద్దని 1982లో కేంద్రమే చెప్పింది. సర్కారు వరుసగా ఇండ్లు కట్టించి కాలనీ అన్నది. ప్రతి కొత్త పేరుకూ పాత మైలే అంటించారు.

ఇప్పుడు ఈ పేరు కూడా మారుస్తున్నారు. 2024 జూన్‌లో కేరళ సర్కారు కాలనీ మాట తీసేసి నగర్ లాంటి పేర్లు పెట్టమన్నది. 2025 ఏప్రిల్‌లో తమిళనాడు ముఖ్యమంత్రి స్టాలిన్, ఈ మాట అంటరానితనానికి గుర్తుగా మారిందని, సర్కారు కాగితాల నుంచి తీసేస్తామని శాసనసభలో చెప్పిండు. మంచిదే. మన దగ్గర కూడా తీసేయాలి. కానీ పేరు మార్చి చేతులు దులుపుకుంటే ఒప్పుకునేది లేదు. రేపు 'నగర్' అన్నా కండక్టర్ అదే అడుగుతడు, పక్క సీటామె అట్లనే జరుగుతది.

ఇక్కడ మన చుట్టూ చూడండి. 1931లో పూర్తయిన నిజాంసాగర్ కాలువల కింద, బయటి జిల్లాల నుంచి వచ్చి భూములు కొన్న రైతుల ఊళ్లను 'క్యాంపు' అంటారు. క్యాంపు అంటే నాలుగు రోజుల మకాం. అయినా ఆ మాటను ఎవరూ తిట్టుగా వాడరు. ఎందుకు? దాని వెనుక భూమి ఉన్నది. వాళ్ల మీద మనకు ఏడుపు లేదు. తరతరాలుగా ఇక్కడే ఉన్న మనకు మాత్రం కాలనీ ఉన్నది, భూమి లేదు. మాటకు మర్యాద తెచ్చేది భూమి.

ఇంకొకటి మరువొద్దు. 1985 జూలై 17న కారంచేడులో ఆరుగురు మాదిగలను చంపినప్పుడు, మిగిలినవాళ్లు చీరాల చేరారు. ఆ ఊరికి మళ్లీ పోమన్నారు. కొట్లాడి నిలబడ్డ వాళ్ల వాడ పేరు విజయనగర్ కాలనీ. ఆ పేరు చెప్పుకోవడానికి ఎవరూ తల వంచరు.

అందుకే మనం చేయాల్సిన పని రెండు తీర్లు. గ్రామసభలో మన వాడకు మనమే పేరు పెట్టుకుని తీర్మానం రాయించాలి. ఆ రోజే లావణి పట్టాల లెక్క కూడా అడగాలి. పట్టా ఎవరి పేరున ఉన్నది, నాగలి ఎవరు కట్టినరు? అసైన్డ్ భూముల అమ్మకం చెల్లదని 1977 చట్టం చెబుతున్నది. 2014 ఆగస్టు 15న మొదలుపెట్టిన మూడెకరాల పథకం మన వాడలో ఎన్ని ఇండ్లకు అందింది? ఇంటింటికీ తిరిగి రాసుకోండి.

బడిలో ఆ పిల్లగానికి మేము ఆ రోజు జవాబు చెప్పలేకపోయినం. ఇప్పుడు చెబుతున్నం: బిడ్డా, కాలనీ అంటే మొదట దున్నేవాని ఊరు. ఊరు మనకిచ్చిండ్రు, దున్నే భూమి ఇయ్యలేదు. అది అడుగుదాం పా.

జై భీమ్!