కోత లేని కుట్టు: ఊబకాయ చికిత్సలో కొత్త దారి, పాత ప్రశ్నలు

కోత ఉండదు, మచ్చ పడదు, ఒకటి రెండు రోజుల్లో ఇంటికి వెళ్ళిపోవచ్చు. ఊబకాయ చికిత్స పేరిట నగరాల్లో కనబడుతున్న ప్రకటనల సారాంశం ఇదే. నోటి ద్వారా గొట్టాన్ని పంపి, లోపలి నుంచే జీర్ణాశయాన్ని కుట్టి చిన్నది చేసే ఈ విధానం పేరు ఎండోస్కోపిక్ స్లీవ్ గ్యాస్ట్రోప్లాస్టీ. వైద్యులు క్లుప్తంగా ఈఎస్‌జీ అంటారు. దశాబ్దం క్రితం వరకు ప్రయోగ దశలోనే ఉన్న ఈ చికిత్స నేడు అనేక దేశాల వైద్య మార్గదర్శకాల్లో చోటు సంపాదించుకుంది. ఆహార నియమాలు పాటించి విసిగిపోయినవారికీ, కత్తి అంటే భయపడేవారికీ ఇది సహజంగానే ఆశ కలిగిస్తోంది. ఆ ఆశకు ఆధారమెంత? ఖర్చు ఎవరు భరించాలి? పర్యవేక్షణ ఎవరిది? ఈ మూడు ప్రశ్నలకు స్పష్టత వచ్చిన తర్వాతే రోగి సంతకం పెట్టడం మంచిది.

సమస్య ఎంత పెద్దది?

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 15-49 ఏళ్ళ మహిళల్లో 24 శాతం, పురుషుల్లో 22.9 శాతం మంది అధిక బరువు లేదా ఊబకాయంతో ఉన్నారు. తెలుగు రాష్ట్రాలు ఈ సగటును దాటిపోయాయి. ఆంధ్రప్రదేశ్ మహిళల్లో ఇది 36.3 శాతం కాగా, తెలంగాణ పురుషుల్లో 32.3 శాతం. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) ఆధ్వర్యంలో జరిగి, 2023లో వెలువడిన మరో జాతీయ అధ్యయనం దేశంలో 10.1 కోట్ల మంది మధుమేహంతో, 13.6 కోట్ల మంది దాని ముందు దశలో ఉన్నారని అంచనా వేసింది. పొట్ట చుట్టూ కొవ్వు పేరుకున్నవారు 39.5 శాతమని కూడా ఆ అధ్యయనం తేల్చింది. చూడటానికి లావుగా కనబడకపోయినా పొట్ట దగ్గర కొవ్వు చేరడం, తక్కువ బరువుకే మధుమేహం రావడం భారతీయుల శరీర తత్వంలోని ప్రత్యేకత. అందుకే పాశ్చాత్యుల కొలబద్దలు మనకు యథాతథంగా సరిపోవు.

ఎత్తు, బరువుల నిష్పత్తిని తెలిపే బీఎంఐ 30 దాటితే ఊబకాయమని అంతర్జాతీయ ప్రమాణం. ఆసియా వాసులకు 27.5 నుంచే శస్త్రచికిత్సను పరిశీలించవచ్చని 2022లో రెండు ప్రముఖ అంతర్జాతీయ శస్త్రవైద్య సంఘాలు సూచించాయి. అయితే బీఎంఐ 30-35 మధ్య ఉన్న రోగి తరచుగా రెంటికీ చెడ్డ స్థితిలో చిక్కుకుంటాడు. నడక, ఆహార నియమాలతో తగ్గిన బరువు నిలవదు. పెద్ద శస్త్రచికిత్సకు మనసొప్పదు, కొన్నిసార్లు అర్హత కూడా ఉండదు. ఈఎస్‌జీ ప్రధానంగా ఈ ఖాళీని పూరించడానికి వచ్చిన చికిత్స.

లోపల జరిగేదేమిటి?

సంప్రదాయ స్లీవ్ శస్త్రచికిత్సలో పొట్టపై చిన్న రంధ్రాలు చేసి, జీర్ణాశయంలో సుమారు 75-80 శాతం భాగాన్ని కోసి శాశ్వతంగా తొలగిస్తారు. ఈఎస్‌జీలో ఏ భాగాన్నీ తొలగించరు. ఎండోస్కోపు కొనకు అమర్చిన కుట్టు పరికరంతో జీర్ణాశయపు వెలుపలి వంపు వెంట గోడను మడిచి, వరుసగా కుట్లు వేసి బిగిస్తారు. వెడల్పాటి సంచి కాస్తా సన్నని గొట్టంలా మారుతుంది. లోపలి పరిమాణం దాదాపు 70 శాతం తగ్గుతుంది. కొద్దిపాటి ఆహారానికే కడుపు నిండినట్లు అనిపిస్తుంది. తిన్నది జీర్ణాశయం నుంచి నెమ్మదిగా దిగుతుంది కనుక ఆకలి ఆలస్యంగా వేస్తుంది.

కోత లేదన్న మాట నిజమే గాని, దీన్ని మామూలు ఎండోస్కోపీ పరీక్షతో పోల్చకూడదు. రోగికి పూర్తి మత్తు ఇచ్చి, శ్వాసనాళంలో గొట్టం అమర్చిన తర్వాతే ఈ ప్రక్రియ చేపడతారు. గంట నుంచి గంటన్నర పడుతుంది. కుట్లు జీర్ణాశయపు గోడ మొత్తం మందంలోంచి వెళతాయి. తొలి రోజుల్లో కడుపునొప్పి, వికారం, వాంతులు సాధారణం. అరుదుగా రక్తస్రావం, చిల్లు పడటం, జీర్ణాశయం చుట్టూ ద్రవం చేరి చీము పట్టడం వంటి ప్రమాదాలూ ఉన్నాయి. చురుకైన పుండ్లు, పెద్ద హయాటస్ హెర్నియా, కాలేయం గట్టిపడి అన్నవాహిక సిరలు ఉబ్బినవారు, గర్భిణులు ఈ చికిత్సకు తగరు.

ఆధారాలు ఏమి చెబుతున్నాయి?

ఈ చికిత్సపై అత్యంత ప్రధానమైన పరీక్ష 'మెరిట్'. అమెరికాలోని తొమ్మిది కేంద్రాల్లో బీఎంఐ 30-40 మధ్య ఉన్న 209 మందిపై జరిగిన ఈ పరీక్ష ఫలితాలు 2022లో ల్యాన్సెట్ పత్రికలో వెలువడ్డాయి. ఏడాది తర్వాత ఈఎస్‌జీ చేయించుకున్నవారు సగటున తమ మొత్తం బరువులో 13.6 శాతం కోల్పోగా, జీవనశైలి మార్పులకే పరిమితమైనవారు 0.8 శాతం మాత్రమే తగ్గారు. చికిత్స పొందిన 131 మందిలో ముగ్గురికి, అంటే 2 శాతం మందికి, తీవ్రమైన దుష్ఫలితాలు ఎదురయ్యాయి. మరణాలు సంభవించలేదు. దరిమిలా 2022 జులైలో అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ బీఎంఐ 30-50 మధ్య ఉండి, ఇతర మార్గాల్లో బరువు తగ్గలేకపోయిన వయోజనుల కోసం ఈ కుట్టు పరికరానికి అనుమతి ఇచ్చింది. 2021లో ప్రచురితమైన మరో అధ్యయనంలో 216 మందిని పరిశీలించగా, అయిదేళ్ళు గడిచిన వారిలో సగటు తగ్గుదల 15.9 శాతంగా తేలింది. అయితే అయిదో ఏడాది వరకు వివరాలు లభించినవారి సంఖ్య తక్కువన్నది గమనార్హం.

ఇవి మంచి ఫలితాలే. కానీ శస్త్రచికిత్సతో సమానమైనవి కావు. స్లీవ్ శస్త్రచికిత్సతో సాధారణంగా మొత్తం బరువులో పాతిక శాతం వరకు తగ్గుతుంది. కోత లేని సౌకర్యానికి ప్రతిగా కొంత ఫలితాన్ని వదులుకోవాల్సి ఉంటుందన్నమాట. జీర్ణాశయాన్ని తొలగించనందున, అవసరమైతే కుట్లు తిరిగి బిగించడానికీ, తర్వాత శస్త్రచికిత్సకు మారడానికీ వీలుండటం ఇందులోని అనుకూలత.

శాతాల వెనుక మెలిక

ప్రకటనలు చదివేవారు ప్రత్యేకంగా గమనించవలసిన అంశం ఒకటుంది. అదే మెరిట్ పరీక్ష ఫలితాన్ని "49 శాతం తగ్గుదల" అని కూడా చెప్పవచ్చు. అది అబద్ధం కాదు. ఎందుకంటే అది మొత్తం బరువులో శాతం కాదు, 'అదనపు బరువు'లో శాతం. ఉదాహరణకు 160 సెంటీమీటర్ల ఎత్తు, 90 కిలోల బరువున్న వ్యక్తిని తీసుకుందాం. ఆ ఎత్తుకు బీఎంఐ 25 అంటే 64 కిలోలు. కాబట్టి అదనపు బరువు 26 కిలోలు. మొత్తం బరువులో 13.6 శాతం అంటే దాదాపు 12 కిలోలు. ఈ 12 కిలోలే అదనపు బరువు లెక్కలో సుమారు 47 శాతం అవుతాయి. సగం బరువు పోతుందని భావించి వచ్చిన రోగి ఏడాది తర్వాత 78 కిలోల దగ్గర నిలుస్తాడు. బీఎంఐ 30 చుట్టుపక్కలే ఉంటుంది.

దీన్ని వైఫల్యం అనలేం. పన్నెండు కిలోలు తగ్గితే రక్తంలో చక్కెర, రక్తపోటు, కాలేయంలో కొవ్వు, మోకాళ్ళ నొప్పి గణనీయంగా మెరుగుపడతాయి. మెరిట్ పరీక్షలోనూ ఊబకాయానికి తోడైన జీవక్రియ రుగ్మతలు అధికుల్లో మెరుగయ్యాయి. అయితే రోగికి ముందుగా చెప్పవలసిన లెక్క కిలోల్లో ఉండాలి. ఏ శాతమో చెప్పకుండా పెద్ద అంకెను మాత్రమే చూపడం సమ్మతి పత్రపు స్ఫూర్తికి విరుద్ధం.

మందులతో పోటీ

ఈఎస్‌జీకి ఇప్పుడు అసలు పోటీ శస్త్రచికిత్స నుంచి కాదు, వారానికొక సూదిమందు నుంచి వస్తోంది. 2025 మార్చిలో టిర్జెపటైడ్, జూన్‌లో బరువు తగ్గించేందుకు ఉద్దేశించిన సెమాగ్లూటైడ్ భారత విపణిలోకి వచ్చాయి. కీలక పరీక్షల్లో సెమాగ్లూటైడ్ 68 వారాల్లో సగటున 14.9 శాతం, టిర్జెపటైడ్ అత్యధిక మోతాదులో 72 వారాలకు 20.9 శాతం బరువును తగ్గించాయి. దేశంలో సెమాగ్లూటైడ్ పేటెంటు గడువు 2026 మార్చి వరకే కావడంతో దేశీయ కంపెనీల చౌక మందులకు దారి ఏర్పడింది.

సూదిమందుకున్న బలహీనత కొనసాగింపు. సెమాగ్లూటైడ్ ఆపివేసిన ఏడాదిలోగా తగ్గిన బరువులో మూడింట రెండు వంతులు తిరిగి వచ్చినట్లు ఆ పరీక్షకు కొనసాగింపుగా జరిగిన పరిశీలన చూపింది. ఈఎస్‌జీకి ఒక్కసారి ఖర్చు, మందుకు నెలనెలా ఖర్చు. అమెరికా ధరల ప్రాతిపదికన 2024లో ప్రచురితమైన ఒక విశ్లేషణ అయిదేళ్ళ కాలంలో సెమాగ్లూటైడ్ కంటే ఈఎస్‌జీయే చౌక అని తేల్చింది. కానీ ఆ లెక్కను మన దేశానికి అన్వయించడం తొందరపాటు. మందు ధర పడిపోతే తక్కెడ అటువైపు మొగ్గవచ్చు. ఇక్కడి ధరలతో, ఇక్కడి రోగులపై స్వతంత్రమైన అధ్యయనం జరగవలసి ఉంది. ఏదో ఒకటే ఎంచుకోవాలన్న నియమమూ లేదు. కుట్లు వేశాక బరువు తగ్గడం నిలిచిపోయినవారికి మందును జోడించే పద్ధతినీ వైద్యులు అనుసరిస్తున్నారు.

బీమా తలుపు తెరుచుకునేనా?

మధ్యతరగతి కుటుంబానికి అసలు అడ్డంకి ఇక్కడే ఉంది. ఆరోగ్య బీమాలో మినహాయింపులను ప్రామాణీకరిస్తూ 2019లో బీమా నియంత్రణ సంస్థ (ఐఆర్‌డీఏఐ) వెలువరించిన నిబంధనల ప్రకారం బీఎంఐ 40, ఆపైన ఉంటేనే ఊబకాయ శస్త్రచికిత్సకు పరిహారం వర్తిస్తుంది. 35, ఆపైన ఉన్నవారికి గుండె జబ్బు, తీవ్రమైన నిద్ర శ్వాస సమస్య, అదుపులేని మధుమేహం వంటివి ఉండాలి. అంతేకాక, బరువు తగ్గించే సున్నితమైన పద్ధతులు విఫలమై ఉండాలి.

ఈ కొలమానం 1991లో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలు నిర్వహించిన సదస్సు నాటిది. శస్త్రవైద్య సంఘాలే 2022లో దాన్ని సవరించాయి. ఈఎస్‌జీకి గట్టి ఆధారాలు ఉన్నది బీఎంఐ 30-40 వర్గంలో. పాలసీ గుర్తించేది ప్రధానంగా దానికి ఎగువనున్నవారిని. పైగా ఇది శస్త్రచికిత్స కాదని ప్రచారం చేసే ఆసుపత్రి, బీమా పత్రాల్లో దాన్ని ఏమని రాస్తుంది? సున్నితమైన పద్ధతులు విఫలమైతేనే పరిహారమన్న నిబంధన కింద, స్వయంగా సున్నితమైన పద్ధతి అయిన ఈఎస్‌జీ ఎటువైపు చేరుతుంది? ఈ సందిగ్ధాన్ని తొలగించనంత కాలం చికిత్స చేతి డబ్బుతోనో, నెలసరి వాయిదాలతోనో చేయించుకునేవారికే పరిమితమవుతుంది.

నియంత్రణ ఎక్కడ?

భారత్‌లో వైద్య పరికరాలు 2017 నాటి నిబంధనల పరిధిలో ఉన్నాయి. 2020 ఏప్రిల్ నుంచి అన్ని రకాల పరికరాలనూ ఔషధ చట్టం కిందికి తెచ్చారు. అంటే కుట్టు పరికరం నాణ్యతపై అజమాయిషీ ఉంది. ఆ పరికరాన్ని పట్టే చేతికి ఎంత శిక్షణ ఉండాలన్నదానిపై అంత స్పష్టత లేదు. ఈఎస్‌జీ ఫలితం వైద్యుని అనుభవంపై బాగా ఆధారపడుతుంది. అత్యవసరంలో పొట్ట తెరవగల శస్త్రవైద్య బృందం అదే కప్పు కింద ఉండటం అవసరం. ఎండోస్కోపీ రంగంలో హైదరాబాద్‌కు ప్రపంచ ఖ్యాతి ఉంది. ఆ రంగ నిష్ణాతుడు డాక్టర్ డి. నాగేశ్వర్ రెడ్డికి 2025లో పద్మవిభూషణ్ ప్రకటించడం అందుకు గుర్తింపు. దేశంలో నైపుణ్యానికి కొరత లేదు. ఆ నైపుణ్యం ఉన్న కేంద్రమేదో, పేరు మాత్రమే ఉన్నదేదో సామాన్యుడికి తెలిసే మార్గం కావాలి.

ప్రకటనల విషయంలోనూ ఇదే పరిస్థితి. 1954 నాటి ఔషధాలు, మాంత్రిక చికిత్సల అభ్యంతరకర ప్రకటనల చట్టం జాబితాలో ఊబకాయం కూడా ఉంది. అయితే ఆ చట్టం మందుల ప్రకటనలను ఉద్దేశించినది. రోగులను ఆకర్షించే ప్రచారాన్ని వైద్యులకు నిషేధించే 2002 నాటి వృత్తి నియమావళి వ్యక్తులకు వర్తిస్తుంది గాని, సంస్థల వ్యాపార ప్రచారాన్ని నేరుగా కట్టడి చేయదు. ప్రతి కేంద్రమూ ఎన్ని చికిత్సలు చేసింది, ఎందరికి దుష్ఫలితాలు ఎదురయ్యాయి, రెండేళ్ళ తర్వాత బరువు ఎంత నిలిచింది అన్న వివరాలను బహిరంగపరచడం తప్పనిసరి చేస్తే ఈ ఖాళీ చాలావరకు పూడుతుంది.

సంతకానికి ముందు

చికిత్సకు సిద్ధపడేవారు కొన్ని ప్రశ్నలు అడగడానికి సంకోచించరాదు. నా విషయంలో ఎన్ని కిలోలు తగ్గవచ్చు? మీరు స్వయంగా ఎన్ని చికిత్సలు చేశారు? రక్తస్రావమో, చిల్లో సంభవిస్తే ఆ ఖర్చు ప్యాకేజీలో ఉందా? ఆహార నిపుణుల పర్యవేక్షణ ఎన్ని నెలలు? తొలి వారాల్లో మజ్జిగ, పప్పుకట్టు, పలుచని జావ వంటి ద్రవాహారమే శరణ్యం. ఆ తర్వాత కూడా తీపి పానీయాలు, మిల్క్‌షేక్‌లు ఇరుకైన జీర్ణాశయం గుండా సులువుగా జారిపోతాయి. కుట్లు అన్నం ముద్దను ఆపగలవు. చక్కెర నీటిని ఆపలేవు.

చివరిగా, ఈ సమస్యకు మూలం ఆసుపత్రి బయటే ఉంది. దేశంలోని మొత్తం వ్యాధి భారంలో 56.4 శాతానికి అనారోగ్యకర ఆహారమే కారణమని 2024 మేలో హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ విడుదల చేసిన ఆహార మార్గదర్శకాల సందర్భంగా ఐసీఎంఆర్ పేర్కొంది. 2025 ఫిబ్రవరి 'మన్ కీ బాత్'లో ప్రధాని నరేంద్ర మోదీ వంటనూనె వాడకాన్ని 10 శాతం తగ్గించుకోవాలని పిలుపునిచ్చారు. పిలుపులతో పాటు బడి పక్కన అమ్ముడయ్యే తినుబండారాలపై, నడవడానికి వీలులేని వీధులపై విధానపరమైన శ్రద్ధ అవసరం. కోట్లాది మందికి కుట్లు వేయడం ఏ దేశానికీ సాధ్యం కాదు. నిజంగా అవసరమైనవారికి ఈఎస్‌జీని సురక్షితంగా, అందుబాటు ధరలో చేరువ చేయడం, మిగిలినవారికి ఆ అవసరమే రాకుండా చూడటం ప్రభుత్వాలూ, నియంత్రణ సంస్థలూ, వైద్య రంగమూ కలిసి చేపట్టవలసిన బాధ్యత.