‘కల్’ అంటే ఏ రోజు?

ఉర్దూలో ‘కల్’ అంటే నిన్న, ‘కల్’ అంటే రేపు కూడా. బడిలో ఇదేదో వ్యాకరణ విచిత్రం అనుకునేవాణ్ణి. పోయిన చలికాలం రజాయి కుట్టే దుకాణం చుట్టూ తిరిగాక గానీ దాని మతలబ్ తెలిసిరాలేదు.

అది మా అమ్మీ జహేజ్‌లో తెచ్చుకున్న రజాయి. లోపల దూది గడ్డలు కట్టింది. డిసెంబరు మొదటి వారంలో కొత్త గిలాఫ్ గుడ్డ కొని, పాత దూదే ఏకించి మిషన్ కుట్టు వేయమని ఇచ్చాను. ‘చార్ దిన్ సాబ్, ఇన్షాఅల్లాహ్’ అన్నాడాయన. నాలుగో రోజు వెళితే కల్. ఆ తర్వాత పర్సోఁ. కరెంటు పోయింది, కారీగర్ ఊరెళ్లాడు, మిషన్ ఆగింది. చేతికొచ్చేసరికి సంక్రాంతి దాటింది. మోకాళ్ల నొప్పులతో అమ్మీ ఆ చలంతా రెండు పల్చటి దుప్పట్లలో వెళ్లదీసింది. రోజూ మగ్రిబ్ తర్వాత ‘ఆయీ క్యా రజాయి?’ అని అడిగేది.

ఇంతకీ పని ఎంతసేపటిది? చేతికుట్టయితే ఏకిన దూదిని గుడ్డలో పరిచి, కర్రతో కొట్టి సమం చేసి, పెద్ద సూదితో వరసలు వేయాలి. దీన్నే ‘డోరే డాల్‌నా’ అంటారు. (ఎవరినైనా మాటలతో బుట్టలో వేసుకోవడానికీ అదే మాట. ‘రజాయికి కాదు, నీకే వేశాడు డోరే’ అని అమ్మీ నవ్వింది.) మిషన్ మీదైతే ఒక పూట పని. మిగతా ఇంతెజార్ అంతా మనకంటే ముందున్న మూటలది.

ఆయన్ని ఝూటా అనేయడం ఆసాన్. మా ఇంట్లో ఒకరు ‘పింజారీ బుద్ధి’ అని కూడా అన్నారు. నాకు సిగ్గేసింది. దూదేకుల, లద్దాఫ్, పింజారి, నూర్‌బాష్ అని బీసీ-బి జాబితాలో ఒకే వరుసలో ఉన్న బిరాదరీ అది. తరతరాలుగా మన పరుపుల్లో దూది నింపినవాళ్ల పేరును తిట్టు చేసుకున్నాం. కలిమా ఒకటే అయినా షేకులం, సయ్యదులం అనే గుమాన్ మాత్రం పోదు.

ఒక సాయంత్రం ఆ దుకాణంలోనే గంటసేపు కూర్చున్నాను. అటక మీద కుట్టి సిద్ధంగా ఉన్న మూటలు, దుమ్ము పట్టిన చీటీలతో. ఇచ్చినవాళ్లు రాలేదు, డబ్బు రాలేదు. ఇంతలో ఒకామె వచ్చి ఎన్నాళ్లని అడిగింది. నేను పక్కనున్నందుకేమో, మూడు వారాలని నిజం చెప్పాడు. ఆమె మూట ఎత్తుకుని పక్క వీధికి వెళ్లిపోయింది. ‘సచ్ బోలే తో గిరాకీ భాగ్ జాతే సాబ్’ అన్నాడు నావైపు చూసి.

ఆ ‘కల్’ ఆయన ఒక్కడిదే కాదు, సగం మనదీ. మనం నిజం వినం, అందుకే ఆయన చెప్పడు. కూలి చెమట ఆరకముందే ఉజ్రత్ ఇవ్వాలన్న హదీసును జుమా బయానుల్లో ఎన్నిసార్లో వింటాం. కుట్టించిన రజాయిని నెలల తరబడి తీసుకోనివాళ్లకు అది గుర్తురాదు. అలాగని ఆయనకూ మాఫీ లేదు. ఇన్షాఅల్లాహ్ అనేది వాదా నిలబెట్టుకోవాలనుకునేవాడి మాట, తప్పించుకునే దారి కాదు.

నా రాయి ఇదీ: ఎండాకాలంలో ఇస్తే వారం చాలు. వానల్లో ఇవ్వకండి, చెమ్మ పట్టిన దూది సరిగా ఏకదు. డిసెంబరులో ఇచ్చేవాళ్లు నెల సబర్ చేయాల్సిందే, అది జుల్మ్ కాదు. నెల అని ముందే చెబితే అమ్మీకి ఒక కంబళి కొనిపెట్టేవాణ్ణి. నాలుగు రోజులని నమ్మి కొనలేదు. తారీఖు అడగండి, సగం అడ్వాన్స్ ఇవ్వండి, ఆ రోజున వెళ్లి తెచ్చుకోండి.

ఏప్రిల్‌లో పిల్లల రజాయిలు రెండు అదే దుకాణంలో ఇచ్చాను. చీటీ మీద తారీఖు వేయమన్నాను. ఆయన కాసేపు ఆలోచించి, నేననుకున్నదానికి పది రోజులు కలిపి రాశాడు. సరేనన్నాను.