కరుగుతున్న నేలపై కర్మాగారాలు: తప్పంతా ప్రకృతిదేనా?

రష్యా ఉత్తర నగరం నోరిల్స్క్‌లోని ఒక విద్యుత్ కేంద్రం వద్ద 2020 మే 29న డీజిల్ ట్యాంకు బద్దలైంది. సుమారు 21 వేల టన్నుల ఇంధనం పొర్లిపోగా, అందులో అధిక భాగం దల్దికాన్, అంబర్నయా నదులలో కలిసింది. ట్యాంకును మోస్తున్న స్తంభాలు ఉన్నట్టుండి కుంగాయని, నేలలోని మంచు కరగడమే కారణం కావచ్చని నోర్నికెల్ యాజమాన్యం తొలుత చెప్పింది. రష్యా పారిశ్రామిక భద్రతా నియంత్రణ సంస్థ దర్యాప్తు మాత్రం రూపకల్పన, నిర్మాణ లోపాలను ఎత్తిచూపింది. 2021లో న్యాయస్థానం దాదాపు 14,600 కోట్ల రూబుళ్ల పరిహారం విధించింది.

వరుసగా రెండేళ్లు, అంతకు మించి సున్నా డిగ్రీలు లేదా అంతకన్నా తక్కువ ఉష్ణోగ్రతలో ఉండే నేలను పెర్మాఫ్రాస్ట్ అంటారు. రష్యా భూభాగంలో సుమారు మూడింట రెండు వంతులు ఇటువంటిదే. గడ్డకట్టిన ఈ నేల రాయిలా బరువు మోస్తుంది. మంచు ఎక్కువగా ఉన్న చోట అది కరిగితే బురదగా మారి కుంగుతుంది.

ఈ ముప్పు విస్తృతిని కంప్యూటర్ నమూనాలు లెక్కగట్టాయి. ఆర్కిటిక్ పెర్మాఫ్రాస్ట్ ప్రాంతాలలో దాదాపు 4,500 పారిశ్రామిక స్థలాలు ఉన్నాయని, 13 వేల నుంచి 20 వేల వరకు కలుషిత స్థలాలు ఉండవచ్చని జర్మనీలోని ఆల్ఫ్రెడ్ వెగెనర్ సంస్థ నేతృత్వంలో 2023లో వెలువడిన అధ్యయనం అంచనా వేసింది. ప్రస్తుతం స్థిరంగా ఉన్న నేలపై నిలిచిన స్థలాలలోనూ దాదాపు 1,100 పారిశ్రామిక స్థలాల కింద శతాబ్దాంతానికి ముందే కరుగుదల మొదలవుతుందని పేర్కొంది. ఎన్నటికీ కరగదన్న నమ్మకంతో ఆ నేలలోనే పూడ్చిన వ్యర్థాలు అప్పుడు నీటిలో కలిసే ప్రమాదం ఉంది.

అయితే ఈ లెక్కలకు ఒక పరిమితి ఉంది. విశాల ప్రాంతాలను చూపే నమూనాలలో ఒక్కో గడి అనేక కిలోమీటర్ల మేర ఉంటుంది. అందులో ఒక ట్యాంకు గానీ, ఒక రహదారి గానీ కనిపించదు. నిజానికి నేలను వేడెక్కించే వాటిలో ఆ కట్టడాలూ ఉన్నాయి. భవనాల వేడి కిందికి దిగుతుంది. రహదారి కట్టల అంచున పేరుకున్న మంచు దుప్పటిలా కప్పి, శీతకాలపు చలిని నేలలోకి దిగనివ్వదు. పక్కన నిలిచిన నీరు వేడిని చేరవేస్తుంది. అలాస్కాలోని ప్రూడో బే సమీప రహదారిపై 2021లో ప్రచురితమైన పరిశోధన ఈ వివరాలను నమూనాలో చేర్చింది. కట్టడాల పక్కనున్న నేల సహజ నేల కన్నా ముందుగానే కరుగుతుందని అది తేల్చింది.

ఇది భారతదేశానికి సంబంధం లేని విషయం కాదు. నోరిల్స్క్ ఉన్న క్రాస్నొయార్స్క్ ప్రాంతంలోనే వాన్‌కోర్ చమురు క్షేత్రం ఉంది. అందులో ఓఎన్‌జీసీ విదేశ్, ఇండియన్ ఆయిల్ తదితర భారత ప్రభుత్వరంగ సంస్థలు 2016లో మొత్తం 49.9 శాతం వాటా పొందాయి. అక్కడి నేల స్థితి మన ప్రజాధనంతోనూ ముడిపడి ఉంది.

నోరిల్స్క్ నేర్పే పాఠం ఇదే. వాతావరణ మార్పు వాస్తవం, కానీ అది నిర్లక్ష్యానికి సాకు కారాదు. ముప్పు ఎక్కడుందో నమూనా ముందే సూచించాక, దాన్ని అనూహ్యమని చెప్పుకునే వీలు యాజమాన్యాలకు ఉండదు. ప్రతి ట్యాంకు కింద నేల ఉష్ణోగ్రతను కొలిచి, ఆ వివరాలను బహిరంగపరిచినప్పుడే నమూనాలు పదునెక్కుతాయి, బాధ్యత ఎవరిదో తేలుతుంది.